పొడి గోడ మీద చెమ్మ మచ్చ

మా ఆయనకి ఏ వస్తువు మీదా మోజు లేదు, దాని ధర తగ్గడం మీద తప్ప. స్వెట్టరు కావాలంటే ఎండలు ముదిరేదాకా ఆగుతాడు. గొడుగు కావాలంటే వానలు వెలిశాక, దుకాణంవాడు మిగిలిన గొడుగుల్ని అటక ఎక్కిస్తుండగా వెళ్ళి పట్టుకుంటాడు. వానాకాలమంతా తడిసి తుమ్మేది మేము, ఎంత మిగిలిందో చెప్పుకుని మురిసిపోయేది ఆయన. నన్ను చేసుకుంటానని చెప్పడానికి కూడా ఏడు నెలలు తీసుకున్నాడు. కుర్రాడు నెమ్మదస్తుడని మా వాళ్ళు సంతోషపడ్డారు. ఇంతకన్నా మంచి బేరం తగులుతుందేమోనని చూశాడని నాకు తర్వాత అర్థమైంది.

అలాంటి మనిషి బతికుండగా ఊళ్ళో ఇళ్ళ ధరలు పడిపోవడం మొదలైంది. ఇక ఆయన ఆనందానికి పట్టపగ్గాలు లేవు. పొద్దున్నే ఫోను తెరిచి ఏ వీధిలో ఎంత దిగిందో చదివి వినిపించేవాడు. ఎవరో నిండా మునిగి ఇల్లు అమ్ముకున్నారని తెలిస్తే ఆ పూట ఇంకో కప్పు టీ అడిగేవాడు. దీనివల్ల ఆయనకి పనీ పెరిగింది. ఆయన ఇళ్ళకి రంగులు వేసే మేస్త్రీ. అమ్ముకునేవాళ్ళు కంగారుపడి, కొనేవాళ్ళ కళ్ళకి ఇల్లు కొత్తగా కనిపించాలని పిలిచేవారు. ఈయన వెళ్ళి పగుళ్ళలో పుట్టీ కూరి, చెమ్మ మచ్చల్ని మందుపూతతో కప్పెట్టి, పైన లేత రంగు లాగించి వచ్చేవాడు. ఆ గోడలు ఆరు నెలలు నవ్వుతాయి, ఏడో నెలలో అసలు మొహం బయటపెడతాయి. అది తెలుసు కనక ఊళ్ళో ఏ ఇంటినీ నమ్మేవాడు కాదు. ఆయన నమ్మిన ఇల్లు ఒక్కటే, మేము అద్దెకున్నది.

రెండో అంతస్తులో రెండు గదులూ వంటిల్లూ. పదకొండేళ్ళుగా ఎక్కడా చుక్క చెమ్మ లేదు. ఓనరు సరిగ్గా మా నెత్తి మీదే, మూడో అంతస్తులో ఉండేది. బడిలో లెక్కలు చెప్పి రిటైరైన టీచరుగారు. ఒక్కతే మనిషి. మా అమ్మాయి ఆవిడని అమ్మమ్మా అని పిలిచేది, సాయంత్రమైతే పుస్తకాలు పట్టుకుని పైకి పరిగెత్తేది. చదువు చెప్పినందుకు పైసా అడగలేదు. అద్దె కూడా పెంచలేదు. అది తన బేరం గొప్పదనమని మా ఆయన నలుగురిలో చెప్పుకునేవాడు. ఊరందరి గోడలకీ రంగులు వేసే ఈ మేస్త్రీ సొంత గోడకి మాత్రం ఒక్క పూత వెయ్యలేదు. అద్దెకొంపకి మన రంగెందుకు తగలెయ్యాలి అనేవాడు.

ఒక సాయంత్రం టీచరుగారు రెయిలింగు పట్టుకుని మెట్టు మెట్టూ దిగి వచ్చింది. మోకాళ్ళు అరిగిపోయాయట, ఇంకో ఏడాదికి ఈ మెట్లు తన వల్ల కాదని డాక్టరు చెప్పాడట. చెల్లెలుండే వీధిలో కింది భాగంలో ఒక గది అమ్మకానికి ఉంది. మేముంటున్న వాటా అమ్మేసి, ఆ డబ్బుతో అది కొనుక్కోవాలని ఆవిడ ఆలోచన.

"ముందు మీకే చెప్తున్నానమ్మా. బయటివాళ్ళకి చెప్పే ధర మీకు చెప్పను" అంది.

చెప్పిన ధర విని సరిగ్గానే విన్నానా అనుకున్నాను. అంత తక్కువ. నేను ఊ అనబోతుంటే మా ఆయన నా కాలు తొక్కి, ఆలోచించుకుని చెప్తామన్నాడు. ఆవిడ వెళ్ళాక నాకు ఉపన్యాసం మొదలైంది. పడుతున్న ధరని మధ్యలో పట్టుకునేవాడు వెర్రివాడట, అది నేల తాకాక నింపాదిగా వంగి ఏరుకోవాలట. నేల ఎక్కడుందో తమరికి ఎవరు చెప్తారు అని అడిగాను. ఫోను తెరిచి ధరలు చూసుకున్నాడు. రేపు ఎవరో కొనేసి మనల్ని సామాన్లతో సహా దింపేస్తే ఏ గొడుగు దుకాణంలో ఉంటాం అన్నాను. ఫోనులోంచి తల ఎత్తలేదు. నాకు ఆ ఇల్లే కావాలి. నా పిల్ల పెరిగిన ఇల్లు, నా ఉద్యోగానికి పది నిమిషాల నడక, పైన ఆవిడ లేకపోయినా వెలుతురూ గాలీ తగ్గని ఇల్లు. ఇదంతా ఆ మనిషికి చెప్పడం నా గొంతుకి దండగ.

రెండు నెలలు గడిచాయి. టీచరుగారు ధరలో ఇంకొంచెం దిగింది. మా ఆయన ఇంకొంచెం ఆగాడు. ఈలోగా బ్రోకరు ఆదివారాలు మనుషుల్ని వెంటేసుకుని రావడం మొదలుపెట్టాడు. వాళ్ళలో కొత్తగా పెళ్ళైన జంట ఒకటి రెండుసార్లు వచ్చింది. రెండోసారి టేపు తెచ్చుకుని కిటికీలు కొలుచుకున్నారు. కర్టెన్లకి కొలతలు తీసుకునేవాళ్ళు ఊరికే పోరు. వచ్చే ఆదివారం పెద్దవాళ్ళతో వస్తామన్నారు. రేపే పైకెళ్ళి మాట ఇచ్చి రమ్మని మా ఆయనకి తెగేసి చెప్పాను. సరేనన్నాడు. అంత తేలిగ్గా సరే అన్నప్పుడే నాకు అనుమానం రావలసింది.

మర్నాడు పని నుంచి వచ్చేసరికి పడకగదిలో, స్నానాలగది వైపు గోడ మీద ఒక మచ్చ ఉంది. మా ఆయన దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. పక్కన స్టూలు మీద గిన్నెలో ఉప్పు కలిపిన టీ నీళ్ళు. చెమ్మని దాచడం ముప్ఫై ఏళ్ళుగా నేర్చిన మనిషి, ఇప్పుడు లేని చెమ్మని తెచ్చి పెట్టాడు. ఇది చూసి ఆ జంట పారిపోతుందట, టీచరుగారు చటుక్కున దిగుతుందట, మనం హాయిగా కొనుక్కుని మర్నాడు తడిగుడ్డతో తుడిచేసుకుంటామట.

అప్పుడు నేను చేయవలసింది ఒకటే. ఆ గిన్నె తీసి ఆయన నెత్తిన పొయ్యాలి. నేను చేసింది అది కాదు.

నేను కట్టుడు పళ్ళసెట్లు తయారుచేసే చోట పని చేస్తాను. పళ్ళు పేర్చేది వేరేవాళ్ళు, రంగు దిద్దేది నేను. వయసు మళ్ళిన మనిషికి తళతళలాడే తెల్లటి పళ్ళు పెడితే ఎదుటివాళ్ళకి ఇట్టే తెలిసిపోతుంది. అందుకని వెంట్రుకంత బ్రష్షుతో పంటి మొదట్లో లేత పసుపూ, సందుల్లో గోధుమ రంగూ, అక్కడక్కడ సన్నని గీతా దిద్దుతాను. పైన ఆరితే రాయిలా గట్టిపడే పూత వేస్తాను. ఇరవై ఏళ్ళుగా మరకలు వేసి బతుకుతున్నదాన్ని. నా ఎదుట గోడ మీద ఎవరో కప్పు ఒలకబోసినట్టున్న ఆ మచ్చని పెట్టి చెమ్మ అంటే నాకు ఒళ్ళు మండింది.

"ఎవరు నమ్ముతారండీ దీన్ని? మచ్చ మధ్యలో పలచగా ఉండాలి. అంచు ముదురుగా ఉండాలి" అన్నాను.

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. చేతిసంచీలోంచి బ్రష్షు తీసింది కూడా నా చెయ్యే. గంటన్నర కూర్చుని అంచు దిద్దాను. ఒకదాని మీద ఒకటి మూడు వలయాలు వేశాను, మూడు వానలు చూసిన గోడలాగా. కింది భాగంలో ఉప్పు పేలినట్టు తెల్లటి పొక్కులు పెట్టాను. ఎవరైనా వేలితో రుద్ది చూస్తే అంటకుండా పైన నా పూత వేసి ఆరబెట్టాను. మా ఆయన నోరు తెరుచుకుని చూశాడు. పెళ్ళైన పద్నాలుగేళ్ళలో నా పనిని అంతసేపు చూడడం అదే మొదలు. సిగ్గు లేకుండా చెప్తున్నాను, నాకు గర్వంగా అనిపించింది.

ఆదివారం ఆ జంట పెద్దవాళ్ళతో వచ్చింది. అబ్బాయి మచ్చని వేలితో రుద్ది తల అడ్డంగా ఊపాడు. అమ్మాయి ముక్కు మూసుకుంది. ముక్కిపోయిన వాసన వస్తోందంది. వాసన మేము వెయ్యలేదు, అది ఆ అమ్మాయి సొంతంగా కలుపుకుంది. వాళ్ళు మళ్ళీ రాలేదు.

బ్రోకరు చెప్పగా విని టీచరుగారు కిందికి దిగి వచ్చింది. గది లోపలికి అడుగు పెట్టలేదు, గుమ్మంలోనే ఆగిపోయింది. గోడని కాక గోడ పక్కనున్న మంచాన్ని చూసింది.

"పిల్ల పడుకునేది ఇక్కడేనా? ఇన్నాళ్ళూ నాకెందుకు చెప్పలేదమ్మా?"

మా ఆయన చావింటికి పరామర్శకి వెళ్ళినవాడిలా మొహం పెట్టి, మిమ్మల్ని ఇబ్బంది పెట్టడం ఎందుకని ఊరుకున్నామండీ అన్నాడు. నేను మంచం మీద దుప్పటి సర్దాను. ఆ రోజు నుంచీ మా అమ్మాయిని తన దగ్గరే పడుకోబెట్టుకుంది, చెమ్మ గదిలో పిల్లకి జబ్బు చేస్తుందని. ధర మళ్ళీ దించింది. ఈసారి దించడం కాదు, కూల్చడమే. మా ఆయన నేల తాకిందని తేల్చేసి, మాట ఇచ్చి, బ్యాంకులో అప్పుకి కాగితాలు పెట్టాడు.

బ్యాంకువాళ్ళు ఇంటి విలువ కట్టడానికి ఒకాయన్ని పంపారు. టై కట్టుకుని వచ్చాడు. ఆయనా గుమ్మం దాటలేదు. అక్కడి నుంచే ఫోనుతో మూడు ఫొటోలు తీసుకుని, ఇలాంటివి రోజుకి పది చూస్తానని చెప్పి, ఇచ్చిన టీ కూడా తాగకుండా వెళ్ళిపోయాడు. గోడ మీద ఒక్కసారి అరచెయ్యి ఆనించి ఉంటే చాలు, ఎండిన రొట్టెలా ఉందని తెలిసేది. దానికి ఆయనకి తీరిక లేదు. వారానికి ఉత్తరం వచ్చింది. గోడలో పైపు పగిలిందట. తవ్వి బాగు చేయించి సర్టిఫికెట్టు తెస్తే తప్ప ఈ ఇంటి మీద అప్పు పుట్టదట. పైన రంగు వేసి కప్పితే ఒప్పుకోరట. ఆఖరి ముక్కని మా మేస్త్రీగారు రెండుసార్లు చదివాడు.

ఇక మిగిలింది ఒక్కటే దారి, పైకెళ్ళి నిజం చెప్పడం. మా ఆయన ఆగుదామన్నాడు. ఆయనకి వచ్చిన విద్య అదొక్కటే కదా. నేను చెప్పేద్దామన్నాను. అన్నాను, అంతే. పద్దెనిమిది మెట్లు ఎక్కలేదు. నాకేమీ మోకాళ్ళ నొప్పుల్లేవు.

మూడు వారాల తర్వాత టీచరుగారే వచ్చింది. మాకు అప్పు పుట్టలేదని బ్రోకరు ద్వారా తెలిసి, చెల్లెలి వీధిలో గది అమ్మేవాళ్ళు పెట్టిన గడువు దగ్గరపడడంతో, బ్యాంకుతో పనిలేకుండా రొక్కం ఇస్తానన్న ఒకతనికి మా ఇల్లు అమ్మేసింది. ఆ పొద్దున్నే సంతకాలు అయిపోయాయి. సంతకాల వేళ మచ్చ చూపించి అతను అడిగినంతా తగ్గించుకున్నాడట. నెలలో మేము ఖాళీ చేయాలట. ఆవిడ మమ్మల్ని క్షమించమంది. ఇలాంటి గోడని తెలిసి తెలిసి మీకెలా అంటగట్టను అంది. మీరు కొనుక్కునే గది సంగతేమిటని మా ఆయన అడిగాడు.

"వచ్చింది దానికి చాలదు బాబూ. మెట్లంటారా, రోజుకి ఒక్కసారే దిగుతాను" అంది.

నేను వంటింట్లోకి వెళ్ళి తడిగుడ్డ తెచ్చాను. చెమ్మ లేదండీ, మేమే వేశాం అని చెప్పి మచ్చ మీద రుద్దాను. పోలేదు. గట్టిగా రుద్దాను. నా పూత నా పరువు నిలబెట్టింది, అంచు చెక్కుచెదరలేదు. నేను తన మనసు తేలిక చేయడానికి అబద్ధం చెప్తున్నానని టీచరుగారు అనుకుంది. ఊరుకో అమ్మా అని గుమ్మంలోంచే అంది. అప్పుడు మా ఆయన సంచీలోంచి పాత రంగు గీకే రేకు తీసి మచ్చ నడిమి నుంచి ఒక్క గీకు గీకాడు. పెచ్చు లేచింది. కింద గోడ తెల్లగా, పొడిగా ఉంది. సున్నం పొడి నేల మీద రాలింది.

మచ్చ పడ్డాక ఆవిడ మొదటిసారి ఆ గదిలోకి వచ్చింది. గోడని అరచేత్తో తడిమింది. వేళ్ళకంటిన పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది.

"ఎవరు వేశారు?"

నేనేనండీ అన్నాడు మా ఆయన. ఆయన్ని ఒక్కణ్ణీ అలా వదిలేస్తే సరిపోయేది. పద్నాలుగేళ్ళుగా ప్రతి తప్పుకీ ఆయన్నే నిలబెట్టి కడిగిన నోరు నాది. ఈసారి లేవలేదు.

"అంచు నాదండీ" అన్నాను.

ఆవిడ దాన్ని ఇంకోసారి చూసింది. పిల్లల పలకలు దిద్ది వెనక్కి ఇచ్చేటప్పుడు ఎలా చూసేదో అలా.

"బాగా వేశావమ్మా" అంది.

వేళ్ళకున్న పొడి కొంగుకి తుడుచుకుని పైకి వెళ్ళింది. ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఆగుతూ ఎక్కుతోంది. గుమ్మం దగ్గరే నిలబడి పద్దెనిమిదీ విన్నాం. వెనకే వెళ్ళి చెయ్యి పట్టుకునే ధైర్యం ఇద్దరికీ లేదు. కాసేపటికి మా అమ్మాయి కిందికి వచ్చింది, ఇక నుంచి మీ ఇంట్లోనే పడుకో అని అమ్మమ్మ పంపించేసిందట.

నెలాఖరుకి సామాన్లు కట్టేశాం. ఈలోగా ధరలు ఇంకా పడ్డాయి. మా ఆయన ఫోను చదవడం మానేశాడు. వెళ్ళే రోజు పొద్దున్న తన డబ్బాలు తెచ్చి, ఆ గోడని గీకి, పుట్టీ పట్టి, రెండు పూతలు వేశాడు. పదకొండేళ్ళలో ఆ ఇంటికి ఆయన వేసిన రంగు అదే. మనది కాని గోడకి మన రంగెందుకండీ అని ఎత్తిపొడిచేదాన్నే. నోటిదాకా వచ్చింది. పైన ఆవిడ గదిలోంచి గుమ్మం దాకా మెల్లగా నడుస్తున్న చప్పుడు వినిపిస్తోంది. నేను బ్రష్షులు కడగడానికి నీళ్ళు తెచ్చిపెట్టాను.