ఉప్పు కింద మనిషి

రాడార్ ఆ దిబ్బ కింద అంతటా చూడగలిగింది, ఒక్కచోట తప్ప.

హథ్‌ఖోజ్ ఫ్యాక్టరీ షెడ్లు దాటాక ఉన్న ఆ దిబ్బలో పాత మఠం పూడిపోయి ఉంది. తవ్వకుండా దాని పటం గీయడం భాగ్యరేఖ పని. నేల లోపలికి చూసే రాడార్ పెట్టెను యుగంధర్ తాడుతో లాగుతుంటే గోడలు, గదులు, చివర వరుసగా గుండ్రటి గోతులు తెర మీదికి వచ్చాయి. సన్యాసుల సమాధులు. మనిషిని కూర్చోబెట్టి, చుట్టూ ఉప్పు నింపి పూడ్చేవారు.

తడి ఉప్పులోకి రాడార్ చూడలేదు. పాత గోతుల్లో ఉప్పు ఏనాడో వానలకు కరిగిపోయింది. ఆఖరి గొయ్యి మాత్రం తెర మీద నల్లగా ఉంది.

"ఇది కొత్తది దీదీ," అన్నాడు యుగంధర్.

పశువులు కాసే ముసలాయన్ని అడిగారు. తెలుగు బాబా ఒకడు ఈ శిథిలాల్లో ఉండేవాడని, నిరుడు పోతే ఆయన కోరినట్టే కూర్చోబెట్టి పూడ్చామని చెప్పాడు. పక్కనున్న ఉక్కు ప్లాంటు సైరన్ మోగితే బాబా ఎక్కడున్నా లేచి నిలబడేవాడట.

భాగ్యరేఖ నోట్సు రాయడం ఆపేసింది. ఆ ప్లాంటులోనే బొగ్గు కాల్చే కోక్ ఓవెన్లలో పనిచేసిన తన తండ్రి నరసింగరావు, ఆమె బడికి వెళ్ళే రోజుల్లో సెక్టర్ 4 క్వార్టర్ విడిచి పోయాడు. సైరన్ వింటే కంచం ముందు నుంచి కూడా లేచేవాడు. తల్లి అచ్చమ్మ ఈ రోజుకీ రూపాయంత బొట్టు పెట్టుకుని ఎదురు చూస్తోంది. చెబితే ఆ బొట్టు పోతుంది. అమ్మకు చెప్పొద్దని భాగ్యరేఖ యుగంధర్‌ని బతిమాలింది.

పెట్టెను ఆఖరి గోతి మీద నిలిపి కొలత తీస్తుండగా అచ్చమ్మ భోజనం క్యారేజీతో రిక్షా దిగింది. అప్పుడే మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగింది.

తెర మీద నలుపు, కూర్చున్న మనిషి లేచినట్టు, మెల్లగా పైకి లేచింది.

"ప్లాంటు కరెంటు వల్ల..." యుగంధర్ పెట్టె తీగలు సరిచూశాడు.

"అదేటే, నిలబడతంది?" అచ్చమ్మ అడిగింది.

భాగ్యరేఖ తెరకు చెయ్యి అడ్డం పెట్టింది. సైరన్‌కి లేచే మనిషి అచ్చమ్మకు ఒక్కడే తెలుసు. క్యారేజీ కింద పెట్టి, మట్టి మీద అరచెయ్యి ఆనించింది.

"కూకోండి. డూటీ అయిపోనాది."

సైరన్ ఆగింది. నలుపు దిగలేదు.

అచ్చమ్మ కొంగుతో బొట్టు తుడుచుకుంది. అప్పుడు దిగింది.