అందరికంటే ముందు లేచిన చెయ్యి

కంగారుకు కాళ్లూ చేతులూ వస్తే ఎలా ఉంటుందో తెలియాలంటే బట్టలు కుట్టే దుకాణంలో కాజాలు కుట్టే ఆ అమ్మాయిని చూస్తే చాలు. వీధిలో అందరూ ఆమెను కంగారమ్మ అనేవాళ్లు. తొమ్మిదో తరగతిలో ప్రశ్నాపత్రం చదవకుండానే జవాబులు రాసేశాననీ, అందుకే చదువు అటకెక్కిందనీ తన మీద తనే కథలు చెప్పుకునేది. నిజానికి చదువు ఆగింది అమ్మ జబ్బుతో. కానీ ఆ కథకు ఎవరూ నవ్వరు గదా.

ఇప్పుడు కంగారంతా కూతురి గురించే. పనికి వెంట తెచ్చుకుంటే, నడక నేర్చిన పిల్ల మిషను బల్ల కింద కుదురుగా ఉంటుందా? మొన్న తిరుగుతున్న మిషను బెల్టులో వేలు పెట్టబోయింది. ఓనరమ్మ గుండె బాదుకుని, "పిల్లనైనా ఎక్కడైనా వదిలిరా, పనైనా మానుకో" అనేసింది. ఎవరి దగ్గర వదలాలి? అమ్మా లేదు, అత్తా లేదు. మొగుడు పొద్దస్తమానం లారీ మీదే.

అందుకే వీధి చివర పాత గోదాము పడగొట్టి కొత్త భవనం కడతారనగానే ఆమెకు ప్రాణం లేచొచ్చింది. కింద షాపులు, వాటి పైన, తల్లులు పనికెళ్తే పసిపిల్లల్ని చూసుకునే క్రెష్, ఆపైన చాలీచాలని జీతాలవాళ్లకు తక్కువ అద్దె ఇళ్లు. వీధివాళ్లేమంటారో వినడానికి మున్సిపాలిటీ ఆఫీసరు మీటింగు పెట్టాడు.

పక్కింటి పిన్ని ముందే నూరిపోసింది. "నువ్వు మాట్లాడక్కర్లేదు. చెయ్యెత్తమనగానే ఎత్తు. నీళ్లు నమలకు."

"ఆమాత్రం రాదా పిన్నీ నాకు?"

హాల్లో కూర్చున్న దగ్గర్నుంచీ పిల్లను ఎడమ చంకలో ఇరికించుకుని, కుడిచెయ్యిని సిద్ధంగా పెట్టుకుంది. ఆఫీసరు లేచి, "ముందుగా ఈ భవనం వద్దనేవాళ్లు చేతులెత్తండి" అన్నాడు. ఆ చివరి మాట కోసమే కాచుకున్న చెయ్యి అందరికంటే ముందు లేచింది.

పక్క కుర్చీలో ఓనరమ్మ చెయ్యి కూడా లేచి ఉంది. కట్టేటప్పుడు దుమ్మంతా తన దుకాణంలో కుట్టిన బట్టల మీద పడుతుందని ఆవిడ బాధ. "ఓహో, నువ్వూ మావైపేనా!" అని ముచ్చటపడింది.

వెనకనుంచి పిన్ని వీపులో పొడిచింది. "నీ చెయ్యి పడిపోనూ! దించవే!"

దించేలోపే మైకు వచ్చేసింది. "చెప్పండమ్మా, మీకేం అభ్యంతరం?" అన్నాడు ఆఫీసరు.

పొరపాటున ఎత్తానంటే పోయేది. కానీ అంతమందిలో తెలివితక్కువదాన్నని ఒప్పుకోవడం కంటే, ఏదో ఒక అభ్యంతరం వెతుక్కోవడమే సులువనిపించింది. తెలివితక్కువవాళ్లకు అలాగే అనిపిస్తుంది మరి.

"అంటే... భవనం వద్దని కాదండీ. కావాలి. చచ్చేంత కావాలి. కానీ అది లేచేసరికి రెండేళ్లంటున్నారు గదా? అప్పటికి ఇది బడికెళ్లిపోతుంది." పిల్ల మైకును ఓసారి నాకి చూసింది. "ఇది నడిచేది ఇప్పుడండీ. మిషను బెల్టు తిరిగేదీ ఇప్పుడే. వెనక సందులో విడిగా ఉన్న గోదాము ఆఫీసు గదిని పడగొట్టరు గదా, అది ఖాళీగానే ఉంది. క్రెష్ అక్కడ ముందు పెట్టేసి, భవనం అయ్యాక అందులోకి మార్చకూడదా? అదీ... నా అభ్యంతరం."

"నాకూ అదే అభ్యంతరం!" అని పిన్ని లేచింది. చంకల్లో పిల్లలున్న తల్లులంతా గబగబా చేతులెత్తేశారు.

ఆఫీసరు తల గోక్కున్నాడు. "ఇంతకీ మీరంతా కావాలనేవాళ్లా, వద్దనేవాళ్లా?"

"తొందరగా కావాలనేవాళ్లం" అంది పిన్ని.

పక్కనే కూర్చున్న భవనం కట్టించేవాడు ఆఫీసరు చెవిలో ఏదో అన్నాడు. ఆ గదికి సున్నం కొట్టిస్తే చాలు, వచ్చే నెలకే తెరవొచ్చునట. ఆ షరతు రాసుకున్నాక, ఆఫీసరు కావాలనేవాళ్లను చేతులెత్తమన్నాడు. హాలంతా చేతులే. కంగారమ్మది మాత్రం లేవలేదు. ఈసారి ఏమడిగాడో రూఢి చేసుకుంటూ కూర్చుంది. చివరికి పిన్నే ఆ చెయ్యి పట్టుకుని పైకి లేపింది.

బయట గుమ్మం దగ్గర ఓనరమ్మ అడ్డం నిలబడింది. పని ఊడిందనే అనుకుంది కంగారమ్మ.

"నా దుమ్ము సంగతి ఒక్కరూ పట్టించుకోలేదు" అంది ఓనరమ్మ. పిల్ల వేళ్లు ఒకసారి పట్టుకు చూసింది. "ఆ గది తెరిచేదాకా దీన్ని నా గల్లాపెట్టె పక్కన కూర్చోబెట్టు. మిషన్ల వైపు వచ్చిందో, ఊరుకోను."

"అలాగేనమ్మా!" అంటూ కంగారమ్మ దండం పెట్టబోయింది. పిన్ని చటుక్కున ఆ చెయ్యి పట్టేసుకుంది.

"చాల్లే. ఇవాళ్టికి ఇంక ఎత్తకు."