విత్తే చెయ్యి

తెల్లన్నం వండుకునే ఇంట్లో మునగాకు వాసన రాకూడదని అత్త జ్ఞానాంబ శాసనం. అందుకని ఆ పొద్దు వరదమ్మ దూసుకొచ్చిన ఆకంతా చాటలోంచి తిన్నగా పేడదిబ్బలోకి పోయింది. "ఆకూ అలమూ తినేదానికి మనమేమన్నా కూలోళ్ళమా? ఈదిలో తలెత్తుకోని తిరగాలనుండాదా, లేదా నీకు?" అంది జ్ఞానాంబ. వరదమ్మ చాట కడుక్కొచ్చి బియ్యం చెరగడానికి కూర్చుంది. ఇంకేం చేస్తుంది? ఆ ఇంట్లో ఆమెకు రెండు చేతులున్నాయి, నడుముంది. నోరు మాత్రం అత్తగారిది.

వాళ్ళేమన్నా తరతరాలుగా తెల్లన్నం తిన్నారా అంటే, అదీ లేదు. బంగారుపాళ్యం దగ్గరి ఆ పల్లెలో మొన్నమొన్నటిదాకా వాళ్ళదీ రాగిసంగటి ఇల్లే. చేనులో వేరుశనగ సాళ్ళ నడుమ కందిసాలు, అనపసాలు, అలసందసాలు. కలుపు తీసి ఇంటికొచ్చే ఆడదాని ఒడిలో గురుగాకో చెంచలాకో ఉండనే ఉండేది. చలికాలమొస్తే చిక్కుడుగింజల్లాంటి అనపగింజలు నానబెట్టుకుని, గోళ్ళు సలిపేదాకా పితికి, పితికిపప్పు పులుసు కాచుకునేవాళ్ళు. డెబ్బై ఎనిమిదిలో శనగకాయకు మంచి రేటొచ్చింది. వరదమ్మ మొగుడు దొరస్వామి కళ్ళు నెత్తికెక్కాయి. "కందీ లేదు, అనపా లేదు. ఇంగ సేనంతా సెనిక్కాయే" అన్నాడు పెళ్ళాంతో. విత్తనానికని వరదమ్మ బూడిద కలిపి దాచిన అనపలూ కందులూ ఎద్దులకు ఉడకేయించాడు. పురుగుకు మందు కొట్టించాడు. మందు పడిన చేనులో కలుపాకు తినకూడదు, కాబట్టి ఒడి కూడా ఖాళీ అయింది. పాలు టీ అంగడికి పోయాయి, గుడ్లు సంతకు పోయాయి. అంగట్లోంచి మల్లెపూలలాంటి బియ్యం వచ్చాయి. ఆ అన్నం మీదికి నీళ్ళలాంటి చింతపండు చారు. ఊరు ఊరంతా, దొరస్వామి పైకొచ్చినాడప్పా, అనుకుంది. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అంటారే, పైకి రావడమంటే ఆ ఇంట్లో అదే.

దొరస్వామి తాగడు, పెళ్ళాం మీద చెయ్యి చేసుకోడు. అదృష్టవంతురాలివి వరదమ్మా, అని బావి దగ్గర ఆడవాళ్ళు ఈర్ష్యపడేవాళ్ళు కూడా. ఆ అదృష్టవంతురాలు అందరూ తిన్నాక గిన్నె అడుగు గీరుకుని తినేది. గీరినా ఏమీ రాని పూట గంజి తాగేది. దాని గురించి ఆమె ఎవరితోనూ చెప్పుకోలేదు. చెప్పుకునే సంగతని కూడా తోచలేదు. ఆమె అమ్మ అట్లాగే తిన్నది, అమ్మమ్మా అట్లాగే తిన్నది.

తోచింది కూతురి విషయంలో. అలివేలుకు ఐదేళ్ళు. పగలు మేకపిల్లలా గంతులేసే పిల్ల, దీపాలు పెట్టే వేళకు గోడలు తడుముకుంటూ నడవసాగింది. ఒకనాటి మునిమాపు పాలచెంబుతో గడప తట్టుకుని పడింది. అంగడికి పోవలసిన పాలన్నీ నేలపాలు. జ్ఞానాంబ చేతిలోని తెడ్డుతోనే పిల్ల వీపు మీద వేసింది. "సూసి నడవలేవా? కండ్లు యాడ పెట్టుకున్నావే?" పిల్ల ఏడుస్తూ, అవ్వ ఒక పక్కనుంటే ఇంకో పక్కకు తిరిగి దండం పెట్టింది.

టీకాలు వేయడానికొచ్చిన నర్సమ్మ పిల్లను చూడగానే రేచీకటన్నది. ఆకుకూరలు, పాలు, గుడ్లు పెట్టమంది, మేక కార్జం దొరికితే మరీ మంచిదంది, ఆలస్యం చేస్తే కళ్ళే పోతాయంది. పాల మాటెత్తితే అత్త ఒప్పుకోలేదు. గుడ్ల మాటెత్తితే మొగుడు విననట్టే పోయాడు. బతిమాలగా బతిమాలగా ఒక ఆదివారం కార్జం మాత్రం తెచ్చాడు. వరదమ్మ ఎంత మురిసిపోయిందో. అల్లం నూరి, మిరియాలు దంచి, పొయ్యి ముందే కూర్చుని వండింది. వడ్డించేది మాత్రం జ్ఞానాంబ. గరిటె ఆమె సొత్తు. ముక్కలన్నీ ఏరి కొడుకు కంచంలో వేసింది. "మగోడు ఎండలో పడి సస్తావుంటే, ఒకరింటికి పొయ్యే పిల్లకు కార్జమా? దానికి పులుసు సాలు." అలివేలు ఎదురుగానే కూర్చుని ఉంది, వాసనకు నోరు తెరుచుకుని. దొరస్వామి కూతురి వంక చూశాడు. చూసి, తిన్నాడు. వేళ్ళు నాకి, "ఉప్పు రవ్వంత తగ్గింది" అన్నాడు.

వైశాఖంలో పిల్ల ఎడమ కంట్లో తెల్లగా పువ్వు వేసింది. అప్పుడు కదిలాడు మహానుభావుడు. చిత్తూరు ఆసుపత్రిలో డాక్టరు టార్చి వేసి చూసి, ఆ కన్ను ఇక రాదన్నాడు. మందిస్తున్నానని, కుడికన్నయినా నిలవాలంటే ఈ రోజు నుంచే ఆకూ పప్పూ పాలూ పడాలని, ఈ ఒక్క నెలకే కాదు, ఎప్పటికీ పడుతూ ఉండాలని చెప్పాడు. చెప్పి ఊరుకోలేదు. వరదమ్మ వైపు తిరిగి, "తల్లివేనా నువ్వు? ఏం పెట్టి పెంచుతున్నావు బిడ్డను?" అని అందరిముందూ కేకలేశాడు. పక్కనే నిలబడ్డ దొరస్వామి గోడ మీది క్యాలెండరు చూస్తున్నాడు. పాలు ఎవరు అమ్మారు, కందీ అనపా ఎవరు మాన్పించారు, కార్జం ఎవరు మింగారు, అన్నీ ఆమె నాలుక చివరిదాకా వచ్చాయి. పరాయి మనిషి ముందు మొగుడి పరువు తీయడం వరదమ్మకు చేతకాలేదు. తల వంచుకుని, తిట్లు కొంగులో మూటగట్టుకుని బయటికొచ్చింది.

బస్సులో అలివేలు అమ్మ ఒడిలో నిద్రపోయింది. దొరస్వామి చాలాసేపు కిటికీలోంచి మామిడితోపులు చూసి, "ఒక కన్నుండాది గదా, దిగులు పడబాక" అన్నాడు.

పాపం, ఓదార్పుగానే అన్నాడు. అంతవరకూ వస్తున్న ఏడుపు వరదమ్మకు అక్కడితో ఆగిపోయింది. ఈ మనిషితో ఇన్నేళ్ళు పడుకున్నాను, ఇతను ఎవరో నాకు తెలియనే తెలియదు, అనుకుంది. దీనికి కుడికన్ను కూడా పోతే ఏమంటాడు? చెవులుండాయి గదా, అంటాడా? అనగలడు. అని, అన్నం తినగలడు. బస్సు దిగేలోపల ఆమెకు మొగుడి మీద ఆశ పోయింది. ఆశతో పాటు భయమూ పోయింది, అదే విచిత్రం.

ఆషాఢంలో మంచి వాన పడింది. తెల్లారేసరికి ఊళ్ళో ఎద్దులకు కట్టిన మడకలన్నీ చేలకు కదిలాయి. ఆ సీమలో మడక వెనక తొలిగింజ పడేది ఆ ఇంటి ముత్తైదువ చేతి నుంచే. మొగుడు లేని ఆడది విత్తనాల గంప తాకనైనా తాకకూడదు. పక్కింటి ఆడదాన్ని పిలవడమంటే మా ఇల్లాలు చచ్చిందని చాటుకోవడమే. దొరస్వామి ఎద్దుల్ని కట్టి, వాకిట్లోకొచ్చి చూస్తే పెళ్ళాం అరుగు మీద కూర్చుని బిడ్డకు తల దువ్వుతోంది.

"ఏమే, పదును పోతావుండాది. గంపెత్తుకోని రా."

"రాను" అంది వరదమ్మ. "వస్తే ఒట్టి సెనిక్కాయ ఎయ్యను. ఐదు సాళ్ళకొక సాలు కందీ అనపా అలసందా ఎయ్యాల. సేన్లో మందు కొట్టగూడదు. ఆవు పాలు ఇంట్లోనే ఉండాల. దీనికి ఒప్పుకుంటేనే నా చెయ్యి."

జ్ఞానాంబ లోపల్నుంచి విసురుగా వచ్చింది. "దీని పొగురు సూసినావంట్రా? నీ చెయ్యి లేకపోతే పంట పండదంటనే?"

వరదమ్మ లేచింది. శనగవిత్తుల గంప రెండు చేతులా ఎత్తి తెచ్చి అత్త కాళ్ళ ముందు పెట్టింది. "అయితే నువ్వే పోయి ఎయ్యత్తా."

జ్ఞానాంబ చేతులు కొంగు కిందికి పోయాయి. మొగుడు పోయినప్పట్నుంచీ, పాతికేళ్ళుగా ఏటా తొలిసాలు నాడు గట్టు అవతలే నిలబడిన మనిషి. ఆ మాట ఆమెకు ఎక్కడ తగులుతుందో వరదమ్మకు తెలుసు. తెలిసే వేసింది. ముసలి మొహం పాలిపోవడం చూసి మనసు ఒకసారి కలుక్కుమంది, అయ్యో అనిపించింది. అయినా మాట వెనక్కి తీసుకోలేదు.

దొరస్వామి తల్లిని చూశాడు, ఎండెక్కుతున్న ఆకాశాన్ని చూశాడు. నేల ఆరిపోతోంది. చివరికి గొంతు తగ్గించి, "సరే. అనపలూ కందులూ ఇప్పుడు యాడుండాయి?" అన్నాడు.

"మనింట్లో యాడివి, ఎద్దులకు పెట్టిస్తివి గదా. మన సేన్లో కూలికొచ్చే ఆనందమ్మ గుడిసెలో ఉండాయి. పోయి అడుగు."

"కూలిదాని గుడిసెకా? నేను పోయి అడగాల్నా? ఏమని అడిగేది?"

వరదమ్మ కూతురి జడకు రిబ్బను ముడివేసి, మొగుడి వైపు తిరిగింది.

"ఒంటికన్ను పిల్ల నాయనని చెప్పు. ఇస్తాది."