మాహ్‌పేకర్ ఖానమ్ సమాధిరాయి

మా తమ్ముడు హూషంగ్ అక్షరాలకు అర్థం నుంచి విముక్తి కలిగించాడని పత్రికలు రాశాయి. అక్షరాలు ఏ జైల్లో ఉన్నాయో నాకు తెలియదు. నేను టెహ్రాన్‌కి దక్షిణాన, రేయ్‌లో, నాన్న వదిలిపోయిన దుకాణంలో సమాధిరాళ్ళు చెక్కేవాణ్ణి. పేరు చదివేటట్టు లేకపోతే పోయినవాడి బంధువులు రాయి తెచ్చి నా గుమ్మంలో పడేస్తారు.

వాడిలాంటి చెయ్యి మా ఇంట్లో ఇంకెవరికీ లేదు, ఒప్పుకుంటాను. తొమ్మిదేళ్ళకే రెల్లు కలం పట్టి నాన్న రాసిన వరస కింద ఇంకో వరస రాస్తే, ఏది ఎవరిదో పోల్చుకోలేకపోయేవాళ్ళం. అమ్మ దీపపు మసి పట్టి, జిగురు కలిపి, వాడికి సిరా నూరి ఇచ్చేది. ఆమెకు చదువు రాదు. తర్వాత వాడు నగరంలో చిత్రకళ చదివాడు. ఇరవయ్యారో ఏట తలుపంత గుడ్డ మీద ఒకే అక్షరాన్ని వందసార్లు, ఒకదాని మీద ఒకటి రాశాడు. అది పారిస్ వెళ్ళింది. విప్లవం తర్వాత చాలా ఏళ్ళు వాణ్ణి పలకరించినవాడు లేడు. ఆ పైన దుబాయ్ వేలంపాటలవాళ్ళు ఇంటి చుట్టూ తిరగడం మొదలుపెట్టారు. బజారులో నకళ్ళూ పుట్టుకొచ్చాయి.

ఒకసారి అమ్మను వాడి ప్రదర్శనకు తీసుకెళ్ళాను. ఆమె ఒక్కో బొమ్మ ముందూ చాలాసేపు నిలబడింది.

"ఇందులో ఏం రాశావు నాయనా?"

"ఏమీ లేదమ్మా."

"ఏమీ లేనిదానికి ఇంత సిరా ఎందుకురా?"

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. వాడు నవ్వలేదు. వీధిలో మాత్రం అమ్మ, మా హూషంగ్ ప్రార్థనలు రాస్తాడని చెప్పుకునేది.

పోయేముందు నా చెయ్యి పట్టుకుంది. "నా రాయి మీద వాడు రాయాలి, నువ్వు చెక్కాలి. పేరు పెద్దగా రాయమను. దారినపోయేవాళ్ళు పేరు చదివి, రాయి మీద రెండు వేళ్ళు ఆనించి, పోయినవాళ్ళ కోసం చదివే ఫాతిహా ఒకటి చదువుతారు. నాకింకేం కావాలిరా?"

అమ్మ పోయిన పదోరోజు వాడు కాగితం తెచ్చాడు. అంచు నుంచి అంచుదాకా నల్లగా అల్లుకుపోయిన గీతలు. ఒక మూల మాత్రం కాస్త చోటు మిగిల్చి, అక్కడ సంతకం చేశాడు, పలకపట్టిన పిల్లాడు కూడా చదవగలిగేంత శుభ్రంగా.

"అమ్మ పేరేదిరా?"

"అంతా ఆమె పేరే అన్నా. అరవైసార్లు రాశాను."

"ఒక్కసారి రాస్తే సరిపోయేది. దీన్ని చదవడం ఎవడి తరం?"

"చదవడానికి కాదు, చూడటానికి. నాకు చేతనైంది ఇదే. అమ్మకు ఇంతకంటే ఏం ఇవ్వను?"

వాడి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అవి దొంగ నీళ్ళు కావు.

నేను చెక్కనని చెప్పాల్సింది. కానీ ఉస్తాద్ హూషంగ్ రాత చెక్కినవాడు ఈ అసదుల్లాయే అని బజారంతా చెప్పుకోవాలని నాకూ కక్కుర్తి పుట్టింది. నలభయ్యో రోజుకల్లా రాయి పరిచాం.

రెండేళ్ళు జనం వచ్చారు, ఫొటోలు తీసుకున్నారు, వెళ్ళారు. ఒక గురువారం మధ్యాహ్నం ఒక అమ్మాయి వచ్చి, పన్నీరు పోసి రాయి కడిగి, రెండు వేళ్ళు ఆనించి ఫాతిహా చదివింది. నాకు గుండె నిండిపోయింది. దగ్గరికెళ్ళి ఖర్జూరాలు పెట్టాను.

"నీ కడుపు చల్లగుండ. ఎవరికోసం చదివావమ్మా?"

"ఉస్తాద్ హూషంగ్ గారికోసం బాబాయ్. పేరు ఇదిగో, ఇక్కడుందిగా."

ఆమె వేలు సంతకం మీద ఉంది.

ఇంటికొచ్చి వాడికి ఫోన్ చేశాను. "ఒరేయ్, నిన్ను బతికుండగానే పాతిపెట్టేశారు. అమ్మకు దక్కాల్సిన ఫాతిహా నీకు పోతోంది."

వాడు, "ఫొటో తీసుకుందా?" అన్నాడు.

మర్నాడు ఉలి పట్టుకెళ్ళాను. రాయంతటికీ ఖాళీ చోటు ఆ మూల ఒక్కటే. వేలెడు లోతు చెక్కి సంతకం తీసేశాను. నలభై ఏళ్ళలో ఒకరి పేరు చెరపడం అదే మొదలు. అక్కడ నాన్న నేర్పిన సాదా అక్షరాల్లో అమ్మ పేరు చెక్కాను. సంగతి తెలిసి తమ్ముడు, రాయిని నాశనం చేశావన్నాడు. మళ్ళీ నా గడప తొక్కలేదు.

తర్వాతి గురువారం, ఫాతిహా చదివేవాళ్ళకు పెడదామని హల్వా పళ్ళెం పట్టుకుని రాయి పక్కన కూర్చున్నాను. చిత్రకళ చదివే కుర్రాళ్ళు ఇద్దరు వెతుక్కుంటూ వచ్చారు. ఒకడు వంగి చూశాడు.

"మాహ్‌పేకర్ ఖానమ్," అని పైకి చదివాడు. "ఎవరో ముసలావిడ."

"సంతకం లేదురా. ఎవడో ఉస్తాద్‌ని చూసి కొట్టిన నకలు. పద, అసలుది అటుపక్క ఉంటుంది."

రాయి మీంచి దాటుకుంటూ వెళ్ళిపోయారు. నేను వాళ్ళని పిలవలేదు. అమ్మ పేరు అక్కడ పైకి చదివిన పరాయివాడు ఇప్పటిదాకా ఆ కుర్రాడొక్కడే.