రెండు రిలేలు, ఒకే ఫ్యూజు

అయినా ఆ చేతులు చూస్తే ఎవరైనా నమ్మేస్తారు, టేపు చుట్టే తీరు చూడు, పసిబిడ్డకు పొత్తిగుడ్డ చుట్టినట్టు ఒక్క ముడత లేకుండా, ఒక్క వైరూ పక్కకు తొంగి చూడకుండా, పైన పటారం లోన లొటారం అని పెద్దలు ఊరికే అన్నారా, అనుకుంటూ ఆమె షాపు షట్టరు పక్కన స్టూలు మీద కూర్చుని తెగిన వైరు ముక్కల్ని డబ్బాలోకి ఏరుతోంది, బానెట్ కింద నడుము దాకా దూరిపోయిన మొగుణ్ణి ఓరకంట చూస్తోంది, పైగా ఈల ఒకటి, పని తప్పినప్పుడే వచ్చే ఈల, అది ఎంత తియ్యగా ఉంటే తప్పు అంత పెద్దదని ఆమె చెవులకు ఎప్పుడో తెలిసిపోయింది, ఈ సాయంత్రం మహానుభావుడు కోకిలను మించిపోయాడు, కారు ఏ పరాయివాడిదో అయితే నవ్వుకుని ఊరుకునేదే, తమ్ముడిది, కొండ దారిలో రాత్రిళ్ళు మనుషుల్ని ఎక్కించుకుని తిరిగే టాక్సీ, పాత లైట్లు గుడ్డివైపోయాయని కొత్తవి కొనుక్కొచ్చి తిన్నగా బావ చేతుల్లో పెట్టాడు వెర్రి వెంగళప్ప, ఊళ్ళో ఇంకో ఎలక్ట్రీషియనే లేనట్టు, లైట్లు మంచివే, డిమ్ముకొక బల్బు, బ్రైటుకొక బల్బు, పాతవాటిలా ఒకటి వెలిగితే ఒకటి ఆరేవి కావు, బ్రైటు వేసినా డిమ్ము వెలుగుతూనే ఉంటుంది, రెండూ ఒకేసారి కరెంటు తాగుతాయి, స్విచ్చు అంత భారం మొయ్యలేదు కాబట్టి దాని బదులు ఆ భారం మోసే రిలేలు రెండు పెట్టి బ్యాటరీ నుంచే లాగాలి, దేనికి దానికి వేరే వైరు, వేరే ఫ్యూజు, ఒకటి పోయినా రెండోది దారి చూపిస్తుంది, ఇందులో బ్రహ్మవిద్య ఏముంది, ఈ స్టూలు మీద కూర్చుని టెర్మినళ్ళు బిగించే తనకే తెలుసు, ఈయనగారేమో రిలేలు రెండూ పెట్టాడు, నల్లగా నిగనిగలాడుతూ పైకి కనిపిస్తాయి కదా, అడుగున మాత్రం రెండింటికీ కలిపి ఒకే వైరు, ఒకే నీలం ఫ్యూజు, ఒక్క బల్బుల జతకు సరిపోయేది, రెండు కాపురాలకు ఒకే పొయ్యి.

అడిగింది, అడగలేదనడానికి లేదు, రెండో ఫ్యూజు ఏదండీ అంటే తల కూడా బయటికి తియ్యకుండా రెండు రిలేలున్నాయిగా, ఇంకేం కావాలి, నువ్వెళ్ళి టీ పట్రా అన్నాడు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు, సరే అంది, ఆ సరే అనడంలో ఎంత రుచి, పెళ్ళైన కొత్తలో కూడా ఇంతే, అమ్మ వాళ్ళింట్లో ఆగిపోయిన సీలింగ్ ఫ్యాను బాగుచేస్తానని కొత్తల్లుడు నిచ్చెనెక్కాడు, అది కాస్తా వెనక్కి తిరగడం మొదలుపెట్టింది, కిందికి గాలన్నదే లేదు, ఇలా తిరిగితే గదిలో వేడంతా పైకి లాగేస్తుంది అత్తయ్యా అన్నాడు, మొహంలో ఇసుమంత సిగ్గు లేదు, అమ్మ పమిట చెంగుతో మెడ తుడుచుకుంటూ అవును బాబూ చల్లగానే ఉంది అంది, నిక్కరేసుకున్న తమ్ముడు ఫ్యాను కింద వెల్లకిలా పడుకుని, చొక్కా చెమటకి ఒంటికి అంటుకుపోయి, భలే ఉంది బావా అన్నాడు, ఆ రోజే ఆమె లోపల ఎవరో ఫక్కున నవ్వారు, ఆ నవ్వు ఇప్పటికీ ఆగలేదు, పైకీ రాలేదు, అది లేకపోతే ఈ మనిషితో కాపురం ఎలా చేసేదో, ఏమంటావక్కా, ఎవరు, తమ్ముడే, కారు కోసం ఎప్పుడొచ్చాడో, చూడక్కా వెలిగాయి.

వెలిగాయి, వెలగక ఏం చేస్తాయి, ఎదురు గోడ మీద ఊడిన సున్నం పెచ్చులూ, చిరిగిన పోస్టరూ, ఎవరో సైకిలు ఆనించిన నల్లటి మరకా అన్నీ పట్టపగల్లా కనిపిస్తున్నాయి, చూశావురా బావమరిదీ, సూర్యుణ్ణి పట్టుకొచ్చి బంపరుకి కట్టాను అంటున్నాడు మొగుడు, చేతులు తుడుచుకునే గుడ్డ భుజాన వేసుకుని, వాడు నోరు వెళ్ళబెట్టి నువ్వు దేవుడివి బావా అంటున్నాడు, దొందూ దొందే, గోడకి వేసి చూస్తే ఏం తెలుస్తుంది, గోడకి మలుపులుంటాయా, కొండెక్కాలంటే రెండూ వేసుకుని గంటల తరబడి పోవాలి, స్క్రూడ్రైవరు తీసే వంకతో బానెట్‌లోకి వంగి ఫ్యూజు పెట్టిన డబ్బీ మీద వేలు పెట్టింది, వెచ్చగా ఉంది, అప్పుడే, ఇంత కాసేపటికే, ప్లాస్టిక్ కమురు వాసన సన్నగా, వేలు వెనక్కి తీసుకుని చీరకి తుడుచుకుంది, ఏంటే వెతుకుతున్నావు అన్నాడు, ఏం లేదండీ అంది, లోపల నవ్వుతున్న మనిషి ఇంకాస్త ముందుకు జరిగి కూర్చుంది.

వస్తానక్కా, స్టాండులో మనుషులు ఎదురుచూస్తున్నారు, జాగ్రత్తరా, ఆ మాటకేం, అనడానికి ఖర్చా, వాడు తలుపేసుకున్నాడు, ఇంజను మోగింది, కారు మెల్లగా వెనక్కి జరుగుతోంది, మొగుడు ట్రాఫిక్ పోలీసులా చెయ్యి ఊపుతూ రానీ రానీ అంటున్నాడు, ఊపు నాయనా ఊపు, రేపు ఈపాటికి ఈ చెయ్యి లేస్తుందేమో చూద్దాం, ఇదే షట్టరు దగ్గర మొహం వేలాడేసుకుని నిలబడతాడు, ఈల ఉండదు, ఇచ్చిన టీ చల్లారిపోతూ ఉంటుంది, అప్పుడు తను దగ్గరికెళ్ళి, గట్టిగా కాదు, మెత్తగా, నేను ముందే అనుకున్నానండీ అంటుంది, కాదు, ముందే చెప్పానుగా అంటే ఇంకా బాగుంటుంది, ఒక్క ఫ్యూజు సరిపోదని చెప్పానుగా, అతను తలెత్తడు, ఎందుకెత్తుతాడు, ఫోను వచ్చి ఉంటుంది, ఏ ఫోను, ఎవరు చేస్తారు, తమ్ముడు చెయ్యడా, వాడెందుకు చెయ్యడు, ఆ మాటకు ముందు ఒక మలుపు ఉంది, డిమ్మూ బ్రైటూ ఒక్కసారే పోయిన మలుపు, చీకట్లో బ్రేకు కోసం తడుముకుంటున్న వాడి కాలు ఉంది, వెనక సీట్లో ఎవరో ఆడమనిషి కేక ఉంది, ఇవేవీ ఊహించలేదు తను, మాట మాత్రం అక్షరం అక్షరం సిద్ధం చేసుకుంది, మెత్తగా అనాలో గట్టిగా అనాలో కూడా.

స్టూలు పడిపోయింది, వైరు ముక్కలన్నీ నేల మీద, ఆమె రోడ్డు మీదికి పరిగెత్తి, ముందుకు కదలబోతున్న కారుకు అడ్డంగా నిలబడి బానెట్ మీద రెండు చేతులతో ఠప్పుమని కొట్టింది, ఏమైందే, పిచ్చెక్కిందా అంటున్నాడు మొగుడు, ఏంటక్కా అని కిటికీలోంచి తల బయటపెట్టాడు తమ్ముడు, దిగరా, దిగు, ఆ ఫ్యూజు కాలిపోతుంది, నువ్వు వెళ్ళడానికి వీల్లేదు, ఏమండీ మీరు చేసింది తప్పు పని, రెండో ఫ్యూజు వేసేదాకా బండి కదలదు, ఇంత పెద్ద గొంతు తనకుందని తనకే తెలీదు, టైర్ల షాపువాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు, మొగుడి మొహం నల్లబడింది, ఎంత కాలంగానో ఎదురుచూసిన మొహమే అది, చూడబుద్ధి కాలేదు, ఎందుకంటే చేతుల కింద ఇంజను ఇంకా వణుకుతోంది, కిటికీలో వాడు నిక్కరు రోజుల్లోలాగే నోరు తెరిచి చూస్తున్నాడు, వాడికేం తెలుసు, తెలియక చేసిన తప్పు బావది, ఇందాకటి నుంచీ ఆ లైట్లు ఆరిపోవాలని మనసులో మొక్కుకుంటున్నది అక్క.