మూడో రొట్టె

నలభై రెండేళ్లు ఓహాకా ఊరి బజారులో పెనం ముందు కూర్చున్నదాన్ని, ఇవాళ ఆసుపత్రిలో రొట్టె కాల్చడం వచ్చో రాదో పరీక్షకి నిలబడ్డాను. పరీక్ష పెట్టేది ఇత్సెల్ అనే థెరపిస్టు, నా మనవరాలి ఈడు పిల్ల.

పక్షవాతం వచ్చి ఏడు నెలలైంది. నాది ఎడమచేతివాటం, పోయిందీ ఆ చెయ్యే. ఇప్పుడు కాస్త కదులుతోంది కానీ స్పర్శ రాలేదు. నిప్పు దగ్గర పనిచేయగలనని ఈ పిల్ల కాగితం రాసిస్తేనే బజారు సంఘం సోమవారం నా పొయ్యి నాకిస్తుంది. లేకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తుంది. ఆ పొయ్యి లేకుండా నేను బతికి ఎవరిని ఉద్ధరించాలి?

"దోన్యా ఓతిలియా, గుర్తుందిగా? పట్టకారు కుడిచేత్తో. ఎడమచేతి మీద ఎప్పుడూ కన్నుండాలి," అంది ఇత్సెల్.

"పట్టకారుతో తిప్పితే బజారంతా నవ్విపోతుందే పిల్లా. మేం వేళ్లతోనే తిప్పుతాం."

"నవ్వితే నవ్వనీ. నోరు మూసుకుని చెప్పినట్టు చెయ్యమ్మా," అంది వెనక నుంచి నా కూతురు నయేలి.

మొక్కజొన్న ముద్ద అచ్చులో నొక్కి మొదటి రొట్టె వేశాను. పట్టకారుతో తిప్పాను. రెండోదీ అంతే. మూడోది బుస్సున పొంగింది. ఏడు నెలల తర్వాత నా రొట్టె పొంగింది! సంతోషంలో ఒళ్లు మరిచిపోయాను. ఎడమచెయ్యి దానంతటదే పాత అలవాటున రొట్టె అంచుకి వెళ్లింది.

"చూశావటే, నా చెయ్యి వెళ్లింది!" అని నయేలి వైపు తిరిగాను.

దాని మొహం పాలిపోయింది. అప్పుడొచ్చింది కమురు వాసన. నా వేళ్లు ఇంకా పెనం మీదే ఉన్నాయి.

ఇత్సెల్ ఒక్క ఉదుటున నా చెయ్యి లాగి కుళాయి కింద పెట్టింది. వేళ్ల కొసలు బొబ్బలెక్కుతున్నాయి. నీళ్లు పడుతున్నట్టు కూడా నాకు తెలియలేదు.

"అబ్బా, మంట! చచ్చిపోతున్నాను! చూడు, స్పర్శ వచ్చేసింది. కాగితం రాసెయ్ తల్లీ, నీ కాళ్లు పట్టుకుంటాను," అని ఏడ్చాను.

చాలాసేపటికి ఇత్సెల్ కుళాయి కట్టేసి, నా చెయ్యి తీసి బల్ల మీద పెట్టింది. "కళ్లు మూసుకోండి. ఇప్పుడు నేను ఏ వేలు పట్టుకున్నాను?"

దేవుడా, ఈ ఒక్కసారికి, అనుకున్నాను.

"నడిమి వేలు."

కళ్లు తెరిచాను. నా చెయ్యి బల్ల మీద ఒంటరిగా పడుంది. ఇత్సెల్ బల్లకి అవతల నిలబడి, రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంది.