మీగడ రంగు షీటు

చింతామణిలో నా షెడ్డులో తయారయ్యేది పొలాల్లో పరిచే మల్చింగ్ షీటు. పైన తెలుపు, కింద నలుపు. ఆ తెలుపు కోసం ప్లాస్టిక్కులో తెల్లపొడి కలుపుతాను. టమాటా మళ్ళ మీద పరిస్తే కలుపు లేవదు, తేమ పోదు. ఈ వేసవిలో ఆ షీటు సోమేనహళ్ళి కెంపమ్మ పొలంలో అప్పడంలా విరిగిపోయింది. తోట ఇంకా కాపుకు రానేలేదు, వేలు తగిలితే పొడి రాలుతోంది.

బాగేపల్లి రైతు సంఘానికి అధ్యక్షుడు బయ్యప్ప. ఆ విరిగిన ముక్క చేతబట్టుకుని ఊరూరా తిరిగాడు, గోవిందరాజు, అంటే నేను, ప్లాస్టిక్కులో సుద్దపొడి కలుపుతాండాడని. నా ఇంట్లో కాఫీ తాగిన నోళ్ళే ఆ మాటను మోశాయి. ఆదివారం సభ పెట్టారు. నా షీటు కొనకూడదని అక్కడ తీర్మానమైతే నా మిషన్ నిలిచిపోయినట్టే. సంఘం తప్ప నాకు వేరే గిరాకీ లేదు.

సుద్ద నేను కలపలేదు. ఆ సంగతి నాకు తెలుసు, నాకు తెలిసి ఏం లాభం? ఏడో తరగతిలో బడి మానిపించి శిడ్లఘట్టలో పట్టు తీసే బాండలి ముందు కూర్చోబెడితే పెరిగినవాణ్ణి. అక్షరాలున్న కాగితం చూపిస్తే తప్ప నా మాట సభలో ఎవడూ వినడు. అందుకే మా చెల్లెలి కూతురు శృతికి ఫోన్ చేశాను. చిక్కబళ్ళాపురం పక్క ఒక కాలేజీలో ఎక్స్-రే మిషన్ మీద పరిశోధన చేస్తోంది.

"విరిగిన ముక్క ఒకటే చాలదు మామా," అంది. "పొడి ఏమీ కలపని ఉత్త షీటు కావల్ల. ఎండకు నిలిచింది ఏదన్నా ఉంటే అది గూడా తే."

ఎండకు నిలిచింది ఉంది. నిరుడు తీసిన సరుకు. మండికల్లులో ఒక రైతు పొలంలో రెండో పంటకూ చెక్కుచెదరలేదు. మిగతా షీటు చుట్టలన్నీ సంఘం వాళ్ళు తిప్పి పంపేశారు, తెల్లగా లేదు, మీగడ రంగులో ఉందని. అవి షెడ్డు మూలలో దుమ్ము పట్టి పడున్నాయి.

మూడు ముక్కలూ తీసుకెళ్ళాను. ఎక్స్-రే అంటే ఎముకల బొమ్మలాంటిదేదో వస్తుందనుకున్నాను. కంప్యూటర్ మీద వచ్చింది ఒక గీత. నందికొండ పక్క గుట్టల్లా లేస్తూ పడుతూ ఉంది. విరిగిన ముక్క గీతలో రెండు ఎత్తైన శిఖరాలున్నాయి.

"ఇదేనా పాపా సుద్ద?"

"సుద్ద గాదు మామా, అది ప్లాస్టిక్కే. ఉత్త షీటు గీత చూడు, అదే చోట అవే రెండు లేస్తాండాయి. ముందు దాన్ని లెక్కలో నుంచి తీసేయల్ల. మిగిలిందే పొడిది."

తరువాత తెర మీద, గీత కింద వరసగా ఉన్న అంకెల్లో ఇరవై తొమ్మిది దాటిన చోట వేలు పెట్టింది. "సుద్ద ఉంటే ఈడ నిలబడల్ల. మూడిట్లోనూ ఖాళీ."

"అయితే కాగితం ఇయ్యి, ఆ బయ్యప్ప మొహాన కొడతా," అని లేచాను.

"కూర్చో మామా! మరి ఎందుకు విరిగిందంటే ఏం చెప్తావు?"

కూర్చున్నాను. ప్లాస్టిక్కు రెండో శిఖరం పక్కనే, ఇరవై అయిదు దగ్గర, చిన్న మొటిమలాంటిది చూపించింది. నేనైతే దాన్ని పెద్దదాని తోక అనుకునేవాణ్ణి. మీగడ రంగు షీటులో ఆ చోటు చదునుగా ఉంది. దానికి బదులు ఇరవై ఏడు దాటాక ఇంకో మొటిమ లేచింది.

"ఇది అనటేజు, అది రూటైలు," అంది.

"నేను కొన్న రెండు రకాల పొడి మూటల మీదా టైటానియం డయాక్సైడ్ అనే రాసుండె గదా?"

"సరుకు అదే మామా. పేర్చిన తీరు వేరే. పట్టుపురుగులు గూడు కట్టే చంద్రికె లేదా? అదే వెదురు, అదే బద్ద. వరసల మధ్య సందు మారిస్తే?"

"అది వేరే చంద్రికె అవుతాది."

"అంతే. ఎక్స్-రే ఆ సందును పట్టుకుంటాది. సందు మారితే శిఖరం నిలబడే చోటు మారుతాది. అనటేజు చూసేదానికి భలే తెల్లగుంటాది. ఎండ తగిలితే పక్కనుండే ప్లాస్టిక్కునే తింటాది. రూటైలుది కొంచెం మీగడ రంగు. అది ఎండను ఆపుతాది."

మా సీమలో సరుకు మంచిదా చెడ్డదా అని రంగు చూసి చెప్తారు. పట్టుగూళ్ళ మార్కెట్టులో తెల్లగూడు ఒక ధర, పచ్చగూడు ఒక ధర. ఆ కంటితోనే సంఘం వాళ్ళు మీగడ రంగును తిప్పికొట్టారు. ఈ ఏడు పొడి అమ్మే ఏజెంటు రెండు పొడులూ నా అరచేతిలో పోసినప్పుడు, ఆ కంటితోనే నేనూ తెల్లదాన్ని ఏరుకున్నాను.

ఆదివారం మూడు గీతలనూ సంఘం గోడకు అతికించాను. తోడు వస్తానంది శృతి, వద్దన్నాను. నా మిషన్, నేనే చెప్పుకుంటా.

"ఈ గుట్టలు మాకేం తెలుస్తాయప్పా?" అన్నాడు బయ్యప్ప.

"టమాటా ముట్టుకోకుండానే మాగిందో లేదో చెప్పేవాడివి, మూడు గీతలు చూడలేవా?" అన్నాను. ప్లాస్టిక్కును చూపించాను, సుద్ద ఉండాల్సిన ఖాళీ చోటును చూపించాను. శృతి నాకు చెప్పిన చంద్రికె మాట నేను చెప్పేసరికి వెనక బెంచీల వాళ్ళు కూడా ముందుకు వచ్చారు. "ఎండకు నిలిచేది మీగడ రంగుది. దాన్ని తెల్లగా లేదని వాపస్ పంపిందెవరు బయ్యప్పా?"

బయ్యప్ప తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. గొంతు విప్పింది కెంపమ్మ.

"మేము తెల్లది అడిగితిమి, సరే. మేము మట్టి తవ్వేవాళ్ళము. మిషన్ పెట్టుకున్నోడివి, నీకు తెలియక్కర్లేదా అప్పా?"

ఆ ప్రశ్న నేను ఊహించలేదు. ఇంతమందిలో తలదించడం నాకు అలవాటు లేదు. కానీ ఆమె పొలంలో విరిగింది నా షీటే.

"తెలియల్ల. తెలీలేదు," అన్నాను. "నీ మళ్ళకు వేరే షీటు నేనే వేయిస్తానమ్మా, ఊరికే. ఇంక నా మిషన్లో మీగడ రంగుదే వస్తాది. తెల్లదే కావల్లంటే యాడన్నా తెచ్చుకోండి."

"చూసినారా పొగరు!" అన్నాడు బయ్యప్ప.

"పొగరుంటే ఉండనీలేప్పా, షీటు నిలిస్తే చాలు," అంది కెంపమ్మ.

తీర్మానం మాట మళ్ళీ ఎవరూ ఎత్తలేదు. బయట ఆటోలో మీగడ రంగు చుట్టలు తెచ్చిపెట్టుకునే ఉన్నాను. కెంపమ్మ ఒకదాని కొస విప్పి, పట్టుగూడు నొక్కి చూసినట్టు బొటనవేలితో నొక్కింది.

"చూసేదానికి మాత్రం బాగలేదప్పా," అంది.

"గోడకు తగిలిచ్చుకుంటావా ఏమి? పట్టు, ఆ కొస పట్టు," అన్నాను.